జెకిల్–హైడా, డోరియన్ గ్రేనా: ముందు ఏది చదవాలి?

మనిషిలోని మంచీ చెడూ మీద విక్టోరియా కాలం గోతిక్ (భయం, రహస్యం నిండిన) నవల ఒక్కటే చదివే ఓపిక ఉందంటే, నా లెక్కలో పోటీ ఈ రెండింటికే: స్టీవెన్‌సన్ జెకిల్–హైడ్ (1886), ఆస్కార్ వైల్డ్ డోరియన్ గ్రే (1890లో పత్రికలో, 1891లో పుస్తకంగా).

ఖర్చు: రెండూ కాపీరైట్ దాటిపోయాయి, నెట్‌లో ఉచితం.

శ్రమ: జెకిల్ 10 అధ్యాయాలే, ఒక సాయంత్రం చాలు. డోరియన్ పుస్తకరూపంలో 20. అందులో 11వది నగలు, అత్తర్ల జాబితాలతో సాగుతూనే ఉంటుంది, ఎగరగొట్టినా పాపం లేదు.

చెడు ఎక్కడుంది: అసలు తేడా ఇక్కడే. జెకిల్ పరువున్న డాక్టరు, సరదాలు కావాలి, పేరు మాత్రం చెడకూడదు, అందుకే మందు కలుపుకుని తాగి తనలోని చెడుకి వేరే ఒళ్లు ఇస్తాడు. ఆ హైడ్ పొట్టిగా, కుర్రవాడిలా ఉంటాడు, ఎందుకంటే అన్నాళ్లూ ఆ చెడుకి పెద్దగా పని పడలేదట. అలాగని ఇవతల జెకిల్ అచ్చమైన మంచివాడేం కాడు, పాత కలగలుపు మనిషే (దీన్ని మర్చిపోయి చాలామంది మంచికీ చెడుకీ యుద్ధం అనేస్తారు). డోరియన్‌కి మందూ లేదు, మాకూ లేదు. ఒక కోరిక (తన బదులు తన చిత్రపటమే ముసలిదవ్వాలని), పక్కన స్నేహితుడు లార్డ్ హెన్రీ తియ్యటి మాటలు, అంతే. చేసిన పాపమంతా ఆ చిత్రపటం మీద పడుతుంది, మొహం నిగనిగలాడుతూనే ఉంటుంది.

రిస్క్: జెకిల్ రహస్యం చదవకముందే అందరికీ తెలుసు, సస్పెన్స్ పోయినట్టే. డోరియన్‌లో హెన్రీ చమత్కారాలకి పడిపోయి అతనే రచయిత గొంతు అనుకునే ప్రమాదం ఉంది.

చెడు అలవాటు మనిషిని ఎలా లొంగదీసుకుంటుందో చూడాలంటే జెకిల్. పొగడ్త, సావాసం మనిషిని ఎలా పాడుచేస్తాయో చూడాలంటే డోరియన్. రేపే పరీక్ష ఉంటే మాత్రం జెకిల్, ఆలోచించక్కర్లేదు.