స్టార్‌డ్యూ వ్యాలీ: చెప్పని నియమాలతో సేద్యం

ఎరిక్ బారోన్ ఒక్కరే నాలుగున్నరేళ్లు శ్రమించి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే సేద్యపు గేమ్‌ను హన్మకొండలోని మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసే ఆడుతున్నాం. ఈ గేమ్ తన నియమాల్లో చాలావాటిని బయటపెట్టదు. ఆ దాపరికమే దీనికి ప్రాణమని నా అభిప్రాయం. అయితే ఒకచోట మాత్రం అది ఆటగాడికి అన్యాయమే చేసింది.

పొలంలో మొక్కలు పదిహేను దాటనంతవరకు కాకుల బెడద ఉండదు. పదహారో మొక్క నాటాక, కాపలా లేని పైరు మీద ఏదో ఒక రాత్రి కాకి వాలుతుంది. ఈ లెక్కను గేమ్ మనకు చెప్పదు గానీ, తెల్లవారి చూస్తే నిన్నటి మొక్క ఉన్న చోట ఖాళీ నేల కనిపిస్తుంది. దిష్టిబొమ్మ నిలబెట్టి, కొన్నాళ్లకు దాని దగ్గరికి వెళ్లి నొక్కితే, ఇప్పటిదాకా ఎన్ని కాకులను బెదరగొట్టిందో అదే చెబుతుంది. అది చుట్టూ ఎనిమిది గళ్ల మేరకే కాపాడుతుందన్న సంగతి, ఏ మొక్క పోయింది, ఏది మిగిలింది అని గమనించేవారికి మెల్లగా అర్థమవుతుంది. మంచె ఎక్కి వడిసెల తిప్పి జొన్నచేనును కాచిన పెద్దలున్న ఇళ్లలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

అదృష్టం సంగతీ ఇంతే. ఆ రోజు అదృష్టానికి లోపల ఒక అంకె ఉంటుంది. గనిలో రాయి పగలగొట్టినప్పుడు కిందికి దిగే నిచ్చెన దొరకడం కొంతవరకు దాని మీదే ఆధారపడుతుంది. ఆ అంకె తెరపై కనిపించదు గానీ, టీవీలో జోస్యం చెప్పే ఆమె మాటల్లో దాని జాడ తెలుస్తుంది. ఇక గుమ్మడిని మూడు వరుసల్లో మూడేసి చొప్పున నాటితే, పంట ఎదిగాక ఆ తొమ్మిదీ కలిసి ఒక్క పెద్ద కాయగా మారే అవకాశం రోజుకు 1 శాతం ఉంటుంది. ఇది తెలియనివారికి నష్టమేమీ లేదు, చూసినవారికి మాత్రం పండగే.

నా అభ్యంతరమంతా ఎర్ర క్యాబేజీతోనే. ఊరి కమ్యూనిటీ సెంటర్‌ను బాగుచేయడానికి అడిగే వస్తువుల్లో అదొకటి. దాని విత్తనాలను ఊళ్లో విత్తనాలమ్మే పియర్ దుకాణంలో, గేమ్ కాలంలో రెండో ఏడాది నుంచే అమ్ముతారని మాత్రం ఎవరూ చెప్పరు. శుక్ర, ఆదివారాల్లో వచ్చే సంచార బండిలో దొరికితే అదృష్టం, లేకుంటే మరుసటి వేసవి దాకా ఎదురుచూడాల్సిందే. కాకి తిన్న మొక్కను మర్నాడే మళ్లీ నాటుకోవచ్చు గానీ, ఇక్కడ గమనించి నేర్చుకోవడానికి ఆధారమే లేదు. మా వైపు ఏ కార్తెలో ఏది విత్తాలో పక్క చేను రైతు చెబుతాడు, రైతువేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) చెబుతారు. ఇన్ని మాటలు మాట్లాడే ఆ ఊరివాళ్లలో పియర్ ఒక్కడైనా ‘ఆ విత్తనం వచ్చే ఏడు తెప్పిస్తాను’ అని ఉంటే సరిపోయేది. 2020 నాటి 1.5 వెర్షన్‌లో, మొదటి ఏడాదిలోనే సెంటర్ పని పూర్తిచేయగలిగే వీలు కల్పించే ఆప్షన్‌ను కొత్త ఆట మొదలుపెట్టే చోట చేర్చారు. ఆ లోటును సృష్టికర్త కూడా గుర్తించారనే నేను భావిస్తున్నాను.

గేమ్‌లో తెలుగు లేదు కనుక చిన్నపిల్లల పక్కన ఒక పెద్దవారు కూర్చోవడం మంచిది. కొనేవారు ఆ ఆప్షన్‌ను ఎంచుకుని మొదలుపెట్టాలి. ఆ తర్వాత కనీసం మొదటి ఏడాది ముగిసేదాకా గేమ్ గుట్లన్నీ విప్పి చెప్పే వికీ పేజీలు తెరవకుండా ఆడాలని నా సలహా.