బోల్‌పూర్‌లో కాంథా నేర్చుకోవాలనుకుంటే

కాంథా అంటే బెంగాల్ చేతికుట్టు. హైదరాబాద్ ఎగ్జిబిషన్లలో ఆ పేరుతో దొరికేవి ఎక్కువగా ఒంటి పొర టసర్ పట్టు చీరలు, దుపట్టాలు. వాటి అందం వాటిదే. కానీ కాంథా మొదలైంది బొంతగా. మెత్తబడిన పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతో బెంగాల్ ఆడవాళ్లు ఇళ్లల్లో కుట్టుకునేవారు. మా అమ్మమ్మ కుట్టిన బొంతల మీద పడుకుని పెరిగినదాన్ని కాబట్టి, నేను నేర్చుకోవాలనుకున్నది ఈ పొరల పనినే. అందుకే పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలోని బోల్‌పూర్ వెళ్లాను.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హౌరాలో దిగితే, అక్కడి నుంచి బోల్‌పూర్ రైల్లో రెండున్నర, మూడు గంటలు. ఊళ్లో తిరగడానికి టోటోలు, అంటే బ్యాటరీ ఆటోలు, ఉన్నాయి. ఎక్కే ముందే రేటు మాట్లాడుకోవాలి.

వర్క్‌షాప్ ఎంచుకోవడంలోనే అసలు విషయమంతా ఉంది. మొదట ఒక రిసార్ట్ వాళ్ల పూట క్లాసుకు వెళ్లాను. అచ్చు వేసిన కొత్త గుడ్డ ముక్క, చెక్క రింగు, ఒక పువ్వు. రెండు గంటల్లో అయిపోయింది, ఫొటోలు తీశారు. ఆ డబ్బుకు అది చాలా తక్కువ. పిల్లలతో వచ్చినవాళ్లకు సరదాగా ఉంటుందేమో కానీ, పొరలు పరచడం అక్కడ అసలు చూపించనే లేదు.

తర్వాత బోల్‌పూర్ దగ్గరి ఒక పల్లెలో ఆడవాళ్లు కలిసి కుట్టుకునే ఇంట్లో కూర్చున్నాను. ఇక్కడ రింగు లేదు, నేల మీద చాప. పొరల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, ముడత లేకుండా అరచేత్తో సర్ది, అంచుల మీద బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. ఆ పనికే దాదాపు ఒక పూట పట్టింది. టాకాలు సరిగ్గా పడకపోతే కింది పొర తర్వాత ఎక్కడో ముద్దకడుతుందని నాకు నేర్పిన దీదీ పదే పదే చెప్పింది. తర్వాత నడుమ తామర, నాలుగు మూలల్లో మామిడి పిందెలు. వాటి అంచులు కుట్టాక మిగతా గుడ్డంతా తెల్ల దారంతో సన్నని రన్నింగ్ స్టిచ్. ఆ వరసలు బొమ్మ చుట్టూ దాని ఆకారంలోనే తిరుగుతాయి. దారాన్ని ప్రతిసారీ కొంచెం బిగించి లాగడం వల్ల గుడ్డ మీద అలలు లేస్తాయి. కాంథాకు ఆ అలలు తెచ్చేది రంగులు కాదు, ఈ తెల్ల కుట్టే. ఎంత లాగాలన్నది మాటల్లో చెప్పలేక ఆమె నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చూపించింది. నాకు బెంగాలీ రాదు, ఆమెకు హిందీ అంతంతమాత్రం. అయినా నేర్చుకోవడానికి ఇబ్బంది కాలేదు.

ఒక పూట ప్రోగ్రామ్ వద్దు, కనీసం మూడు నాలుగు రోజులు పెట్టుకోండి. పెద్ద బొంత పూర్తవదు, చిన్న గుడ్డ మీద పద్ధతి వంటబడుతుంది. ఫీజులో కుట్టేవాళ్లకు ఎంత వెళ్తుందో కూడా అడగండి. నెలల తరబడి పట్టే చీరకు వాళ్లకు దక్కేది షాపు ధరలో చిన్న భాగమే. దీని గురించి మొహమాటపడక్కర్లేదు.

బసకు స్టేషన్ దగ్గర హోటళ్లు చవక, కానీ రోజంతా హారన్లు. సోనాఝురి వైపు హోమ్‌స్టే నాకు నచ్చింది: నిశ్శబ్దం, మంచి భోజనం. ఆవనూనె పడనివాళ్లు ముందే చెప్పాలి. అక్కడి సంత, సోనాఝురి హాట్‌లో వారాంతం రద్దీ ఎక్కువ, అక్కడ మెషిన్ కుట్టు సరుకూ కలుస్తుంది. గుడ్డ తిప్పి వెనకవైపు చూడండి, చేతి కుట్టులో వరస కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొనడానికి నిదానంగా చూసుకోవాలంటే చేతిపనుల సహకార సంఘం అమార్ కుటీర్ మేలు. పక్కనే శాంతినికేతన్‌లో ఉన్న టాగోర్ విశ్వవిద్యాలయం విశ్వభారతికి బుధవారం సెలవు. డిసెంబరు చివర్లో పౌష మేళా, ఆ తర్వాత హోలీ రోజుల్లో గదులు దొరకడం కష్టం. మిగతా చలికాలమంతా హాయి.

వెళ్లేటప్పుడు ఇంట్లోని పాత నూలు చీరలు రెండు మూడు పట్టుకెళ్లండి. బాగా ఉతికి మెత్తబడ్డవే కావాలి. కొత్త గుడ్డ పొరల్లోకి సూది తేలిగ్గా దిగదు, సింథటిక్ అయితే పొరలు జారిపోతాయి.