లోతు డైవింగ్‌కి సీసీఆర్ (క్లోజ్డ్ సర్క్యూట్ రీబ్రీదర్) ట్రైనింగ్: ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం

"అన్నా, రీబ్రీదర్ కోర్సుకి అంత డబ్బు పెట్టొచ్చా?" అని మొన్న దసరాకి హన్మకొండలో ఇంటికొచ్చినప్పుడు ఇద్దరు అడిగారు. ఇద్దరూ దుబాయ్‌లో ఉంటూ డైవింగ్ మొదలుపెట్టిన మన జగిత్యాల పిల్లలే. రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్చనిచ్చే డైవింగ్ యంత్రం. నోటితో చెప్తే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

నేను అబుదాబిలో గ్యాస్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. ఈత నేర్చుకుంది పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ల మోటబావిలో, నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని. 2019లో ఈజిప్టులోని దహబ్‌లో మాడ్ 1 (మాడ్యూల్ 1, ఈ కోర్సుల్లో మొదటి మెట్టు) చేశాను, 2021లో మాడ్ 2, 2022లో మాడ్ 3. అంటే వరుసగా 40, 60, 100 మీటర్ల దాకా. ఇప్పటికి లూప్ (యంత్రంలో ఊపిరి తిరిగే దారి) మీద 310 గంటలు దాటాయి.

మామూలు స్కూబాలో వదిలిన ఊపిరి బుడగలై పోతుంది. క్లోజ్డ్ సర్క్యూట్‌లో అదే గాలి తిరుగుతుంది, సోడా లైమ్ అనే గింజలు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటాయి, ఒంటికి ఖర్చయిన ఆక్సిజన్‌ని మాత్రం యంత్రం మళ్లీ కలుపుతుంది. మనిషికి పట్టేది నిమిషానికి సుమారు ఒక లీటరు ఆక్సిజన్, అది 10 మీటర్లలోనైనా 80 మీటర్లలోనైనా ఒకటే. అందుకే చిన్న 3 లీటర్ల సిలిండర్‌తో గంటల తరబడి ఉండొచ్చు. లోతుకి వెళ్లేటప్పుడు గ్యాస్‌లో కలిపే హీలియం ధర తెలిసినవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు. యూనిట్‌కి నాకు దాదాపు 8 లక్షలు అయింది, కోర్సులు, ప్రయాణాలు, గ్యాస్ వేరే.

మాడ్ 1 గురించి పెద్దగా చెప్పేదేం లేదు, యంత్రం విప్పడం, బిగించడం, నీళ్లలో కదలకుండా నిలబడడం. అసలు ట్రైనింగ్ మాడ్ 2లోనే ఉంది. మొదటిసారి మా ఇన్‌స్ట్రక్టర్ నన్ను పాస్ చేయలేదు. నీళ్లలో ఎప్పుడైనా సరే, డెకో స్టాప్‌లో (పైకి వస్తూ ఒంట్లో చేరిన గ్యాస్ బయటికి పోవడానికి ఆగే చోట) ఉన్నా, ఒడ్డు దగ్గర ఈదుతున్నా, బెయిలౌట్ అని రాసిన పలక చూపించేవాడు. చూపించగానే లూప్ వదిలేసి మామూలు సిలిండర్ మీదికి మారిపోవాలి. నేను ముందు హ్యాండ్‌సెట్ (అంకెలు చూపించే చిన్న తెర) చూసేవాణ్ణి, ఏ సెల్ (ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్) తప్పు చూపిస్తోందో, ఎందుకో ఆలోచించేవాణ్ణి. ప్లాంట్‌లో అలారం వస్తే నేను చేసే పని అదే కదా, పదేళ్ల అలవాటు. ఇరవై సెకన్లు పోయేవి. "కారణం తర్వాత వెతుక్కో, ముందు ఊపిరి మార్చు" అని చెప్పి, ఇంకో 50 గంటలు డైవ్ చేసి రమ్మని పంపించేశాడు. టికెట్, లీవు, డబ్బు అన్నీ పోయాయని ఆ రోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు మాత్రం నేను కట్టిన ఫీజులో అన్నిటికంటే విలువైంది ఆ పాస్ చేయకపోవడమే అంటాను.

ఎందుకంటే 2023లో 58 మీటర్ల దగ్గర అది నిజంగా అవసరమైంది. పొద్దున తొందరలో సోడా లైమ్ నింపేటప్పుడు డబ్బాని సరిగ్గా తట్టలేదు, గింజలు గోడ పక్కన సర్దుకోక సందు ఏర్పడి, ఊపిరి శుభ్రం కాకుండానే అందులోంచి తిరిగి వచ్చింది. నా యూనిట్‌లో సీఓ2 సెన్సర్ లేదు, ఏ అలారమూ మోగలేదు, ఆక్సిజన్ అంకెలన్నీ బాగున్నాయి. ఊపిరి మాత్రం వేగమైంది, ఏదో తెలియని భయం. కరెంట్‌కి ఎదురు ఈదడం వల్లేమో అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే చెయ్యి మౌత్‌పీస్ మీదికి వెళ్లి వాల్వ్ తిప్పేసింది, నేను నిర్ణయం తీసుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు. మారాక కూడా రెండు మూడు నిమిషాలు ఊపిరి అందలేదు.

ఇక్కడ లెక్క చూడండి. 11 లీటర్ల సిలిండర్, 200 బార్, అంటే 2200 లీటర్లు. సీఓ2 ఎక్కిన మనిషి నిమిషానికి 40 లీటర్లు సులభంగా లాగేస్తాడు, 58 మీటర్లలో పీడనం 6.8 బార్, అంటే నిమిషానికి 272 లీటర్లు. అక్కడే ఉండిపోతే ఎనిమిది నిమిషాలు. 30 మీటర్లకి వచ్చేసరికే నాకు 90 బార్ ఖర్చయింది. ఒక్క సిలిండర్ చాలదా అని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇదే, మాడ్ 2 నుంచి రెండు తీసుకెళ్లండి.

సెల్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, అది నా వృత్తి కాబట్టి. మూడు ఆక్సిజన్ సెల్స్ ఉంటాయి, రెండు ఒకేలా చూపిస్తే యంత్రం వాటిని నమ్మి మూడోదాన్ని పక్కన పెడుతుంది. మా ప్లాంట్‌లో కూడా మూడింటిలో రెండు అనే పద్ధతే, కానీ అక్కడ మూడూ వేర్వేరు చోట్ల ఉంటాయి. ఇక్కడ మూడూ ఒకే తడి తలలో (యంత్రం పైభాగంలో), చాలాసార్లు ఒకే బ్యాచ్‌వి, అంటే ముసలివయ్యేదీ ఒకేసారి. రెండు పాత సెల్స్ కలిసి తక్కువ చూపిస్తే, సరిగ్గా ఉన్నదాన్ని యంత్రం పక్కనపెట్టి ఆక్సిజన్ ఇంకా పోస్తూ ఉంటుంది. అందుకే నేను ఆరు నెలలకొకటి చొప్పున మారుస్తాను, ఏదీ 18 నెలలు దాటదు, కొన్న తేదీ సెల్ మీదే రాస్తాను. అనుమానం వస్తే డైలుయెంట్ ఫ్లష్, అంటే ఆక్సిజన్ శాతం ముందే తెలిసిన గ్యాస్‌తో లూప్ అంతా నింపి చూడడం. 12 శాతం ఆక్సిజన్ ఉన్న ట్రైమిక్స్‌తో (ఆక్సిజన్, నైట్రోజన్, హీలియం కలిసిన గ్యాస్) 80 మీటర్లలో ఫ్లష్ చేస్తే ఆక్సిజన్ పీడనం 1.08 బార్ దగ్గర చూపించాలి, చూపించకపోతే ఆ సెల్‌ని నమ్మొద్దు. అదే గ్యాస్ పైన నేల మీద పీలిస్తే మనిషి స్పృహ తప్పొచ్చు, ఆ సంగతి కూడా గుర్తుండాలి. ఇంత ముఖ్యమైన విషయానికి మాడ్ 1లో మాకు ఒక్క గంట ఇచ్చారు. ఈ కోర్సుల మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే.

రెండో ఫిర్యాదు నాది కాదు, బాపుది. బాపు సింగరేణిలో రిటైరయ్యాడు, గోదావరిఖనిలో రెస్క్యూ టీంలో చాలా ఏళ్లు చేశాడు. వాళ్లు పొగలో వేసుకునే సెట్ కూడా క్లోజ్డ్ సర్క్యూటే, ఆక్సిజన్ సిలిండర్, సీఓ2 పీల్చే డబ్బా. రెండూ ఒకే తల్లి బిడ్డలు: ఫ్లూస్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ తయారుచేసిన సెట్‌నే 1880లో సీహమ్ బొగ్గుగనిలో పేలుడు తర్వాత వాడారు, అదే ఏడాది నీళ్లు నిండిన సెవర్న్ సొరంగంలో లాంబర్ట్ అనే డైవర్ కూడా వాడాడు. నేను మేడ మీద యూనిట్ విప్పి సోడా లైమ్ డబ్బా చూపిస్తుంటే బాపు అంతా విని అడిగాడు, "మేం లోపలికి పోయే ముందు ఒకని సెట్టు ఇంకొకడు సూసేటోడు. నీ డబ్బాను నువ్వే నింపి, నువ్వే మూసి, నువ్వే మంచిగున్నదని అంటవా బిడ్డా?"

జవాబు లేదు నా దగ్గర. 2023లో నా డబ్బా ఇంకెవరూ చూడలేదు. చెక్‌లిస్ట్ అందరికీ ఉంటుంది, బడ్డీ (జంటగా దిగే డైవర్) చెక్ కూడా నేర్పిస్తారు, కానీ అప్పటికి డబ్బా మూసేసి ఉంటుంది. ఇప్పుడు నేనూ నా బడ్డీ ఎదురెదురుగా కూర్చుని నింపుతాం, మూత పెట్టే ముందు ఒకరి డబ్బా ఒకరం తట్టి చూస్తాం, చెక్‌లిస్ట్ ఒకరు పైకి చదివితే ఇంకొకరు చేస్తారు. తర్వాత ఐదు నిమిషాలు హ్యాండ్‌సెట్ చూస్తూ ఒడ్డునే లూప్ మీద ఊపిరి, ఎవరూ మాట్లాడకూడదు.

మాడ్ 3 బాగుంది, కానీ ఏడాదికి నాలుగైదు వారాలు కూడా డైవ్ చేయలేనివాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. నేను మూడు నెలలు గ్యాప్ వస్తే మొదటి రెండు రోజులు 30 మీటర్లు దాటను, మళ్లీ ఆ పలక డ్రిల్సే చేస్తాను. దహబ్‌లో బ్లూ హోల్ ఆర్చ్ 55 మీటర్ల దగ్గర ఉంటుంది, ఒడ్డున కొండకి చనిపోయినవాళ్ల పేర్లతో ఫలకాలు ఉంటాయి. కోర్సు చేరే ముందు అక్కడ నిలబడి ఒక్కసారి చదవండి.

జగిత్యాల తమ్ముళ్లకి నా జవాబు: డబ్బు పెట్టొచ్చు. కానీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంత అని కాదు, పోయిన ఏడాది ఎంతమందిని పాస్ చేయకుండా పంపించారు అని అడగండి. ఎవరినీ పంపించలేదంటే ఇంకొకరిని చూసుకోండి.