మహిళల మనసును పేగులలో చదువుతామనే కిట్: ఒక సమీక్ష

మలంలోని బ్యాక్టీరియాను పరీక్షించి, దాని ఆధారంగా మహిళల మానసిక ఆరోగ్యాన్ని అంచనా వేస్తామనే కిట్లు ఇప్పుడు మన దేశంలోనూ ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయి. కాన్పు తరువాత దిగులు వదలని మా చెల్లెలి కోసం అలాంటి కిట్ ఒకటి తెప్పించాము. ధర దాదాపు 8 వేల రూపాయలు. నమూనా తీయడం నుంచి ఆహార నిపుణురాలి సలహా దాకా అంతా దగ్గరుండి చూశాను కనుక, ఇదే ఆలోచనలో ఉన్న కుటుంబాల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో మూతకే చిన్న చెంచా అమర్చిన గొట్టం, నమూనా పాడవకుండా అందులోనే పోసి ఉంచిన ద్రవం, కమోడ్ సీటుకు అంటించుకునే కాగితం, చేతి తొడుగులు ఉన్నాయి. బొమ్మలతో ఇచ్చిన సూచనలు స్పష్టంగానే ఉన్నా, ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. కొరియర్ చెప్పిన వేళకు వచ్చింది, నివేదిక గడువులోగా అందింది. ఏయే బ్యాక్టీరియా ఎంత శాతం ఉందో చూపిన పట్టికలు తీరుగా ఉన్నాయి. ఆ భాగంపై నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదంతా ‘మూడ్’ అనే పేజీ మీదే. అందులో ఒక అర్ధచంద్రాకారపు మీటరు, ఎరుపు రంగులో ఆగిన ముల్లు, దాని కింద కోప్రోకాకస్, డయలిస్టర్ అనే రెండు బ్యాక్టీరియాలు తక్కువగా ఉన్నాయన్న వాక్యం ఉన్నాయి. ఈ పేర్లు గాలిలోంచి రాలేదు. బెల్జియంలో వెయ్యి మందికి పైగా వ్యక్తులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్నవారిలో ఈ రెండూ తక్కువగా కనిపించాయి. మందుల ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది. అయితే అది ఒక పెద్ద సమూహంలో కనిపించిన ధోరణి. దిగులు వల్ల తిండి తగ్గి బ్యాక్టీరియా మారిందా, బ్యాక్టీరియా మారడం వల్ల దిగులు వచ్చిందా అన్నది అలాంటి అధ్యయనం తేల్చలేదు, ఒక్క మనిషి నమూనా అసలే తేల్చలేదు. పైగా మా చెల్లెలు అప్పటికి బాలింత పథ్యంలో ఉంది: పాత బియ్యపు అన్నం, నెయ్యి, కారప్పొడి, వెల్లుల్లి, అప్పుడప్పుడు బీరకాయ. పీచు ఇంతగా తగ్గిన తిండితో పేగులలో ఏ బ్యాక్టీరియా తగ్గినా ఆశ్చర్యం లేదు. సిజేరియన్ తరువాత వాడిన యాంటీబయాటిక్ పేరు మాత్రం కిట్ ప్రశ్నావళిలో రాశాము. నివేదికలో దాని ఊసే లేదు.

మహిళల కోసమని పేరు పెట్టిన ఈ కిట్ ప్రశ్నావళిలో నెలసరి, కాన్పు, బిడ్డకు పాలివ్వడం గురించి ఒక్క ప్రశ్నా లేకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది. ఎందుకంటే, కిట్ కంపెనీ కరపత్రమే గొప్పగా చెప్పుకునే పరిశోధన హార్మోనుకు సంబంధించినది. చైనా శాస్త్రవేత్తలు 2023లో ‘సెల్ మెటబాలిజం’ పత్రికలో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, నెలసరి ఇంకా ఆగని వయసులో డిప్రెషన్‌తో ఉన్న మహిళల రక్తంలో ఈస్ట్రోజెన్ హార్మోన్లలో ప్రధానమైన ఈస్ట్రాడయాల్ తక్కువగా ఉంది. వారి మలం నుంచి వేరుచేసిన క్లెబ్సియెల్లా ఏరోజెనిస్ అనే బ్యాక్టీరియాకు ఆ హార్మోనును విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ ఉంది. ఆ బ్యాక్టీరియాను ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే వాటిలో హార్మోను తగ్గి, డిప్రెషన్‌ను పోలిన ప్రవర్తన కనిపించింది. ఎంతో ఆశ కలిగించే పని అది. కానీ కాన్పు కాగానే ఏ స్త్రీకైనా ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎదుట ఉన్నది బాలింత అని కూడా తెలుసుకోకుండా ఆమె మనసు మీద తీర్పు చెప్పడానికి ఈ పరిశోధన ఆధారం కాజాలదు.

ఆహార నిపుణురాలు ఫోనులో చక్కని తెలుగులో, ఓపికగా మాట్లాడారు. జొన్నలు, రాగులు, పప్పులు, ఆకుకూరలు చేర్చమని, “ఒక్కసారే పెంచితే కడుపు ఉబ్బుతుందమ్మా, మెల్లగా అలవాటు చేసుకోండి” అని చెప్పారు. మొత్తం సేవలో నిజంగా పనికొచ్చినది ఆ సంభాషణే. చివరలో మాత్రం నెలనెలా తెప్పించుకోవాలంటూ ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ (మేలు చేస్తాయనే బ్యాక్టీరియా ఉన్న మాత్రలు) ముందుకు తెచ్చారు. లేబుల్ చూస్తే బ్యాక్టీరియా జాతుల పేర్లున్నాయి, ఒకే జాతిలోని ఉపరకాన్ని తెలిపే స్ట్రెయిన్ సంఖ్యలు లేవు. ఆ సంఖ్యే అసలు విషయం. న్యూజిలాండ్‌లో 423 మంది గర్భిణులతో చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ హెచ్‌ఎన్001ను గర్భంలో ఉండగా మొదలుపెట్టి కాన్పు తరువాత 6 నెలల దాకా తీసుకున్నవారిలో దిగులు, ఆందోళన స్కోర్లు తక్కువగా వచ్చాయి. అదే జాతికి చెందిన జేబీ-1 అనే మరో స్ట్రెయిన్ ఎలుకలలో బాగా పనిచేసినా, ఆరోగ్యవంతులైన మగవారిలో ఏ ప్రయోజనమూ చూపలేదు. స్ట్రెయిన్ తెలియని డబ్బాకు ఈ ఫలితాలలో దేన్నీ ఆపాదించలేము. లేబుల్ అడుగున చిన్న అక్షరాలలో ‘వైద్య వినియోగానికి కాదు’ అనే హెచ్చరిక కూడా ఉంది. మేము కొనలేదు.

తరువాత కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాము. ఆమె కాన్పు తరువాతి దిగులును గుర్తించడానికి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలు అడిగి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాసి, మానసిక వైద్యురాలి వద్దకు పంపారు. ఆ ప్రశ్నలలో చివరిది తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించినది. ముల్లును ఎరుపులో చూపిన ఆ నివేదికలో మాత్రం, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు, వైద్యులను కలవమన్న వాక్యం గాని, సహాయం కోసం ఒక ఫోను నంబరు గాని లేదు.

తినే తిండి గురించి కుతూహలం ఉండి, డబ్బుకు ఇబ్బంది లేనివారికి ఈ సేవ ఫరవాలేదు. 5కి 2 మార్కులు ఇస్తాను. దిగులుతో ఉన్న ఆడపిల్ల కోసమైతే కొనవద్దు. మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.