ఉన్ని వస్త్రానికి ఏది మేలు: గ్రీకుల బరువుల మగ్గమా, రెండు దూలాల మగ్గమా?

ఈజిప్టులో నేతగాళ్లు పేకను (అడ్డపోగును) కిందికి కొడతారనీ, తక్కిన జనం పైకి కొడతారనీ క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. చిన్న మాటగా కనిపించినా, రెండు రకాల నిలువు మగ్గాల మధ్య అసలు తేడా అదే.

గ్రీకుల మగ్గంలో పడుగు (నిలువు పోగుల వరుస) పైనున్న ఒకే దూలం నుంచి వేలాడుతుంది; కింది కొసలను గుత్తులుగా చేర్చి వాటికి మట్టి బరువులు కడతారు. నేత పై నుంచి కిందికి దిగుతుంది గనుక, నేసే స్త్రీ నిలబడి, మగ్గం ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ, కత్తిలాంటి పలకతో పేకను పైకి కొట్టాలి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో అమాసిస్ చిత్రకారుడిదిగా చెప్పే నూనె పాత్రపై ఇద్దరు స్త్రీలు సరిగ్గా ఈ పనిలోనే ఉన్నారు. పక్కనే ఉన్ని తూచేవారు, కదురు తిప్పేవారు, నేసిన బట్ట మడిచేవారు కూడా కనిపిస్తారు.

రెండు దూలాల మగ్గంలో పడుగును పైనా కిందా బిగిస్తారు. కింది నుంచి పైకి నేస్తారు కాబట్టి కూర్చుని పని చేయవచ్చు, పేకను కిందికి కొట్టడమూ తేలిక. పడుగు బిగువుగా ఉండటం బొమ్మల నేతకు బాగా అనువైనది. రోమన్ల కాలంలో ఇది వ్యాపించే కొద్దీ మట్టి బరువులు తగ్గిపోయాయి.

ఒంటికి సుఖం చూస్తే రెండోదే మేలు, అందులో సందేహం లేదు. అయినా గ్రీకులు ధరించిన ఉన్ని దుస్తులకు నేను బరువుల మగ్గం వైపే మొగ్గుతాను. పెప్లోస్ (స్త్రీల ఉన్ని వస్త్రం) గానీ హిమాటియోన్ (పైన కప్పుకునే వస్త్రం) గానీ కత్తిరించి కుట్టినవి కావు. మగ్గం మీద నుంచి దిగిన దీర్ఘచతురస్రాకారపు వస్త్రాన్నే ఒంటికి చుట్టుకుని, పెప్లోస్‌నైతే భుజాల దగ్గర పిన్నులతో బిగించేవారు. అలాంటి బట్టకు అంచు గట్టిగా ఉండాలి. బరువుల మగ్గంలో ముందుగా ఒక సన్నని పట్టీ నేసి, దాని పేక పోగులనే పొడవుగా లాగి పడుగుగా వాడుకునే పద్ధతి ఉంది. కాబట్టి అంచు, వస్త్రం విడదీయలేనంతగా ఒకటవుతాయి. మిగిలిన పడుగును బరువుల దగ్గర చుట్టి ఉంచవచ్చు గనుక, మగ్గం ఎత్తు బట్ట పొడవుకు హద్దు కాదు. సన్నని పోగుకు తేలిక బరువు, మందపాటి పైవస్త్రపు పోగుకు పెద్ద బరువు ఎంచుకునే వీలు కూడా సాగే గుణమున్న ఉన్నికి ఎంతో మేలు చేస్తుంది.

ఉత్తర నార్వేలో అక్కడి ఆదివాసులైన సామీ స్త్రీలు ఉన్ని దుప్పట్ల కోసం ఈ మగ్గాన్నే 20వ శతాబ్దం దాకా విడిచిపెట్టలేదు.