భీమవరం కంప్యూటర్ ఏఎంసీ వాళ్ళు: మాలాంటి సిమెంటు షాపుకి గిట్టుబాటేనా?

మాది పాలకొల్లులో సిమెంటు, ఐరన్ షాపండి. కౌంటర్లో బిల్లింగ్‌కి ఒక సిస్టమ్, లోపల గుమస్తా గారు టాలీ (లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్) కొట్టుకునేది ఇంకోటి, గోడౌన్లో కాటా దగ్గర తూకం చీటీలు తీసే పాతదొకటి, ఒక ప్రింటరు, ఇదీ మా ఐటీ డిపార్ట్‌మెంటు. మామూలుగా మా వైపు షాపుల్లో ఏదన్నా ఆగిపోతే తెలిసిన కుర్రాడికి ఫోన్ కొడతాం, వాడొచ్చి విండోస్ మళ్ళీ ఎక్కించి అయిదొందలు పట్టుకుపోతాడు, మళ్ళీ ఆగేదాకా ఎవరికీ పట్టదు. మేం 2025 మొదట్లో భీమవరంలో ఒక చిన్న ఆఫీసు వాళ్ళకి ఏఎంసీ, అంటే ఏడాది పొడుగునా కంప్యూటర్ల బాగోగులు చూసే కాంట్రాక్టు ఇచ్చాం. పేరు వేస్తే నేనేదో కమీషన్ తీసుకుని రాశాననుకుంటారు కాబట్టి వెయ్యట్లేదు, మీ ఊళ్ళో మీరు ఎవరిని పెట్టుకున్నా ఏం చేయించుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

సిస్టమ్‌కి ఏడాదికి 2,500, పైన జీఎస్టీ, పార్టులు పోతే వాటి ఖరీదు వేరే. నెలకోసారి వాళ్ళే వస్తారు, మధ్యలో ఏదన్నా అయితే ఎనీడెస్క్ అని, దూరం నుంచే మన సిస్టమ్‌లోకి వచ్చే యాప్‌లో చూస్తారు. అందులో పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టుకోరు, ప్రతిసారీ మనం ఇక్కడ యాక్సెప్ట్ నొక్కితేనే లోపలికొస్తారు, పనయ్యాక మన చేతే క్లోజ్ చేయిస్తారు, అది నాకు బాగా నచ్చింది. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఇదే యాప్ వేయించి ఖాతాలు ఊడ్చేసే బ్యాచ్ ఎక్కువైపోయారు కదా, అందుకే గుమస్తా గారికి మొదటి రోజే చెప్పారు, మేం తప్ప ఎవడడిగినా ఆ కోడ్ చెప్పకండి, ఖర్మకాలి డబ్బు పోతే మాకు కాదు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి అని.

అసలు వీళ్ళకి డబ్బులివ్వాల్సింది బ్యాకప్ పనికండి. మన షాపుల్లో బ్యాకప్ అంటే సీపీయూ వెనకాల ఎప్పుడూ గుచ్చే ఉండే పెన్‌డ్రైవ్. ఫైళ్ళన్నీ లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ గనక వస్తే కంప్యూటర్‌తో పాటు ఆ గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌ని కూడా లాక్ చేసి పారేస్తది, అప్పుడు బ్యాకప్ ఉన్నా లేనట్టే. వీళ్ళు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొనిపించారు, ఒకటి షాపు బీరువాలో, ఒకటి మా ఇంట్లో, శనివారం శనివారం మార్చుకుంటాం, కాపీ అయిపోగానే వైరు పీకేయాలి. గూగుల్ డ్రైవ్‌లో రోజూ టాలీ బ్యాకప్ ఫైలు తేదీ వేసి కొత్తగా పడేలా పెట్టారు. ఊరికే ఫోల్డర్ సింక్ పెట్టి వదిలేస్తే ఇక్కడ పాడైన ఫైలే పైన కూడా వచ్చి కూర్చుంటదంట, అందుకని.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. వీళ్ళు చేసే ఇంకో పని నేనెక్కడా చూళ్ళేదు. నెలకోసారి వచ్చే కుర్రాడు తన ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాడు, బీరువాలో డిస్కు తీసి అందులో ఉన్న బ్యాకప్‌ని ఆ ల్యాప్‌టాప్‌లో టాలీలో రీస్టోర్ కొడతాడు, అంటే మళ్ళీ లెక్కలుగా తెరుస్తాడు, తెరిచి గుమస్తా గారిని పిలిచి మీకిష్టమైన పార్టీ పేరు ఒకటి చెప్పండి అంటాడు. ఈయనేమో ఎప్పుడూ బాకీ ఎక్కువుండే కాంట్రాక్టర్ గారి పేరే చెప్తాడు. ఆ బ్యాకప్ తీసిన రోజు నాటికి ఆ పార్టీ ఖాతాలో తేలిన బాకీ మన సిస్టమ్‌లో ఎంతుందో అక్కడా అంతే ఉందా అని పైసలతో సహా చూసి, నోటు పుస్తకంలో తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెడతారు. తర్వాత మన డేటా ల్యాప్‌టాప్‌లోంచి మన కళ్ళెదురుగానే డిలీట్ కొడతాడు. పావుగంట పని. ఏడాది డబ్బులు దీనికే చెల్లిపోయాయనిపించింది నాకు.

రెండోది ఓటీపీల గోల. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ వే బిల్లు (సరుకు లారీలో పంపడానికి తీసే జీఎస్టీ బిల్లు) పోర్టల్లో లాగిన్‌కి అందరికీ ఓటీపీ వచ్చింది కదండి, చాలా షాపుల్లో ఆ రిజిస్టర్డ్ మొబైల్ ఓనర్‌ది ఉండదు, ఆడిటర్ గారి ఆఫీసులో ఎప్పుడో మానేసిన కుర్రాడిది ఉంటది, లోడు లారీ గేటు దగ్గర నించుంటది, ఓటీపీ ఎవడికో పోతది. వీళ్ళొచ్చి జీఎస్టీలో నాన్ కోర్ సవరణ (చిన్న వివరాల మార్పు) కింద మొబైలు, మెయిలు నావి పెట్టించారు, ఈ వే బిల్లులో గుమస్తా గారికి సబ్ యూజర్ అని వేరే లాగిన్ చేశారు, ఆయనకి ఆయన ఫోన్‌కే ఓటీపీ. పాస్‌వర్డులన్నీ కవర్లో పెట్టి నా చేతికిచ్చి, వాళ్ళ దగ్గర మాత్రం ఏమీ ఉంచుకోం అన్నారు.

పాత సిస్టమ్ సంగతి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేశారు కదా, కౌంటర్ సిస్టమ్, కాటా దగ్గరది రెండూ ఆరో జనరేషన్ ఐ3 ప్రాసెసర్లవి, విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో జనరేషన్ నుంచే. బయట ఎవరో ఎలాగోలా ఎక్కించేస్తాం అన్నారు, వీళ్ళు వద్దన్నారు. కౌంటర్‌కి మాత్రం కొత్తది తీసుకోమని, కాటా దగ్గర దానికి నెట్ పీకేసి చీటీలకే వాడుకోమన్నారు. కొత్తవి మూడు అంటగట్టే ఛాన్సు ఉండి కూడా ఒకటే చాలన్నారంటే నమ్మకం కుదిరింది. ఆ పాతది విప్పినప్పుడు చూడాలండీ, లోపల సిమెంటు దుమ్ము అట్ట కట్టేసి, బల్లి గుడ్లు రెండు, మన చెమ్మకి ర్యామ్ కాళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి. పిల్లలు వాడే రబ్బరుతో ఆ కాళ్ళు రుద్ది మళ్ళీ పెడితే రయ్యిన ఆన్ అయ్యింది. నేను మదర్‌బోర్డ్ పోయిందనుకున్నా.

అదే అక్టోబర్‌లో మొంథా తుఫాను, 28 రాత్రి నరసాపురం దగ్గర్లో తీరం దాటింది గుర్తుందిగా, ముందు రోజే వీళ్ళు ఫోన్ చేశారు, సీపీయూలు కిందుంటే బల్ల మీద పెట్టండి, ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకండి, పిడుగు ఆ వైర్లోంచి కూడా వస్తది, డిస్కు ఇంటికి పట్టుకెళ్ళండి అని. యూపీఎస్ ఉందిగా అంటే, అది పావుగంటలో బిల్లు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోడానికండీ అన్నారు. లేజర్ ప్రింటర్ని యూపీఎస్ మీంచి అప్పుడే తీయించారు, అది లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ ఆగదంట.

నచ్చనివి కూడా చెప్పాలి. టాలీలో లెక్కల జోలికి రారు. 2025 సెప్టెంబర్ 22న సిమెంటు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు రేటు ఏ తేదీ నుంచో ఎక్కడ వెయ్యాలో చూపించి, మిగతాది మీ ఆడిటర్ గారినడగండి అని తప్పుకున్నారు, అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. ప్రింటర్ రిపేర్లు చెయ్యరు, కెమెరాలు చెయ్యరు. నెల రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో పంపిస్తారు, మా నాన్నగారు చదవలేక నన్ను చదివి చెప్పమంటారు. మార్చి నెలాఖర్లో ఫోన్ ఒక పట్టాన ఎత్తరు, ఊళ్ళో షాపులన్నీ ఒకేసారి మీద పడతాయి మరి.

అయిదుకి నాలుగిస్తా. ఒకటే సిస్టమ్ ఉన్న కిరాణా షాపుకైతే ఇంత అక్కర్లేదు, రెండు డిస్కులు కొనుక్కుని ఆ రీస్టోర్ ఒక్కటి ఎవరిచేతైనా నేర్చుకోండి చాలు. గుమస్తా, గోడౌన్, ఈ వే బిల్లులు ఉన్నోళ్ళు మాత్రం ఏఎంసీ రాసుకునేటప్పుడు నెలకోసారి రీస్టోర్ చేసి చూపించాలని కాయితం మీద రాయించుకోండి, నోటి మాటగా ఒప్పుకుంటే మూడో నెల నుంచి రారు.