అండమానా, లక్షద్వీపా? రెండూ చూసినంక నా మాట

సంక్రాంతి సెలవులల్ల లక్షద్వీప్ పోయొచ్చిన కాన్నుంచి మా మర్రిగూడ (నల్లగొండ జిల్లా) దోస్తులు, స్కూల్ స్టాఫ్ అందరు ఒకటే అడుగుతున్రు, రెండేండ్ల కింద అండమాన్ కూడ పోయినవ్ గదా, రెండిట్ల ఏది మంచిగుంది అని. ఒక్కొక్కలకు ఫోన్ల చెప్పుడు అయితలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న. బీచులు, స్కూబా సంగతులు మీకు తెల్సినయే, వాటి జోలికి పోను.

పోవుడు విషయంల అండమానే సులువు. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు డైరెక్ట్ ఫ్లైట్ ఉన్నది (2024ల పేరు శ్రీ విజయపురం అని మార్చిండ్రు), బజార్ల శ్రీకాకుళం, వైజాగ్ దిక్కు నుంచి పోయి ఆడనే ఉండిపోయిన తెలుగోళ్లు మస్తుమంది కలుస్తరు. లక్షద్వీప్‌కైతే ముందుగాల పర్మిట్ తీసుకోవాలె, ఎక్కువమంది కొచ్చి దాక పోయి, ఆడికెల్లి షిప్పన్న ఎక్కుతరు లేకుంటె అగత్తి దీవికి ఫ్లైట్ అన్న పడుతరు.

చరిత్ర కావాలంటె కూడ అండమానే. సెల్యులార్ జైలుకు ఏడు రెక్కలుండె, ఇప్పుడు మూడే మిగిలినయి, ఒక సెల్లు లోపలికి పోయి నిలబడితే ఎత్తుల ఉన్న చిన్న కిటికీ తప్ప ఏం కనబడది. నేనైతే మన మౌల్వీ అల్లావుద్దీన్ కోసం పోయిన. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్‌తోటి కలిసి హైదరాబాద్‌ల తెల్లోళ్ల కోఠి రెసిడెన్సీ మీద దాడికి పోయినాయన. తుర్రెబాజ్ ఖాన్‌ను తూప్రాన్ దగ్గర చంపిండ్రు, మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపిండ్రు, ఆయన ఆడనే పోయిండు. చానమంది ఆయనను ఈ జైల్లనే పెట్టిండ్రు అనుకుంటరు గని జైలు కట్టుడు మొదలైందే 1896ల, అయిపోయింది 1906ల. అంతకుముందు ఖైదీలతోటి అడవి కొట్టిపిచ్చిండ్రు. మన పిల్లలకు ఈ ముచ్చట తెల్వకపాయె అని నాకు చాన బాధ.

అండమాన్లనే ఉన్న బారాటాంగ్ దీవికి మాత్రం నేను పోలే. ఆడికి పోయే రోడ్డు జరావాలు అనే ఆదివాసీల అడవిల నుంచి పోతది, ఆ రోడ్డు మూసెయ్యుమని 2002లనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా బండ్లు పోతనే ఉన్నయి. కిటికీల నుంచి మనుషులను చూసుడు నాకు మనసొప్పలే.

ఇగ అసలు సంగతి, నీళ్లు. ఫ్లోరైడ్ ఊర్లె పుట్టినోన్ని, మా బాపు మోకాళ్లు వంకర పోయినయి, యాడికి పోయినా ముందు తాగే నీళ్లు యాడికెల్లి వస్తున్నయి అనే చూస్త. అండమాన్ల గుట్టలున్నయి, వాగులున్నయి, వాన మన జిల్లాకు మూడు నాలుగింతలు పడుతది, ధనిఖరి డ్యామ్ ఉన్నది, అయినా ఎండకాలం పోర్ట్ బ్లెయిర్ల నీళ్లకు కటకటనే. లక్షద్వీప్‌ల గుట్ట లేదు, వాగు లేదు, మొత్తం భూమి 32 చదరపు కిలోమీటర్లు, మనుషులుండే దీవులు పది, 2011 లెక్కల 64 వేల పైచిలుకు జనం. వాన నీళ్లు పగడపు ఇసుకల ఇంకి, కింద ఉప్పునీళ్ల మీద పలుచగ మీగడ లెక్క తేలుతయి, అంతే వాళ్ల ఆస్తి. మోటరు పెట్టి గట్టిగ గుంజితే కింది ఉప్పు పైకొస్తది. లక్షద్వీప్ రాజధాని కవరత్తిల మేమున్న ఇంటి బావి నా ఎత్తు కంటె కొంచెం లోతు అంతే, సముద్రం పోటు మీదుంటె బావిల నీళ్లు కూడ పైకొస్తయి. ఆ ఇంటి అమ్మ (ఆడ ఇల్లు అమ్మ దిక్కు నుంచి వస్తది) బకెట్‌ను నిదానంగ, నీళ్లు కలగకుండ దింపింది, చూస్తనే ఉన్న. మనం ఎనిమిది వందల ఫీట్లు బోరేసి రాతిల నుంచి విషం తోడుకున్నం గదా అని ఆడ నిలబడి చాన సేపు అనుకున్న.

2005 నుంచి కవరత్తిల ఇంకో ఏర్పాటు ఉన్నది, సముద్రం పైన ఉన్న వెచ్చటి నీళ్లను తక్కువ ఒత్తిడిల ఆవిరి చేసి, మూడొందల మీటర్ల కంటె లోతు నుంచి తెచ్చిన సల్లటి నీళ్లతోటి ఆ ఆవిరిని మళ్ల నీళ్లు చేస్తరు, రోజుకు లక్ష లీటర్లు. మిషన్ భగీరథ నల్లా తిప్పేటోళ్లందరు ఒకసారి చూడాలె.

అందుకే నా ఓటు లక్షద్వీప్‌కే, గని స్నానానికి ఒక్క బకెట్ అనుకొని పోండ్రి, షాంపూలు సబ్బులు తక్కువ పట్టుకపోండ్రి. మాల్దీవుల సంగతి కూడ అడుగుతున్రు, నేను పోలే, ఖర్చు పెట్టగలిగెటోళ్లు పోవచ్చు.

పెద్దమనుషులుంటె మాత్రం అండమానే. లక్షద్వీప్‌ల చాన దీవుల కాడ షిప్పు బయటనే ఆగుతది, అలల మీద ఊగుతున్న చిన్న పడవలకు దుంకాలె. మా బాపు కాళ్లతోటి అది అయ్యే పని కాదు, వచ్చే డిసెంబర్ల ఆయనను పోర్ట్ బ్లెయిర్‌కే తీస్కపోత, టికెట్లు చూస్తున్న.